పాజ్ బటన్ పిల్లల చేతికివ్వండి
(తిరుపతిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. సెలవురోజు కూడా పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి, పీలేరు నుంచి బస్సులు పట్టుకుని వచ్చారు. మీ సమయం విలువైనది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. పిల్లలు ఇంగ్లీషు వినడాన్ని మనం పక్కన లేకుండా, ఇంట్లోనో హాస్టల్లోనో, తమంతట తాము సాధన చేసుకునేలా చేయడం ఎలా? ఇవాళ్టి మాట ఇదొక్కటే.

ముందు మన ప్రాంతం చెవి గురించి చెప్పుకోవాలి. నగరి, సత్యవేడు, చిత్తూరు వైపు తమిళ అక్షరం ఒక్కటి కూడా గుర్తుపట్టలేనివాళ్లు తమిళం విని అర్థం చేసుకుంటారు, బదులు చెబుతారు. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా అంతే. వాళ్లకెవరూ పాఠం చెప్పలేదు. సంతలో విన్నారు, బస్సులో విన్నారు, చుట్టాలిళ్లలో విన్నారు. అది చెవితో వచ్చిన భాష. ఇంగ్లీషు మన పిల్లలకు కంటితో వచ్చింది. పదో తరగతి దాటిన పిల్లాడికి ఒక పేజీ ఇస్తే కొంచెం తడబడినా చదివి భావం చెబుతాడు. అదే పేజీ ఎవరైనా మామూలు వేగంతో చదివి వినిపిస్తే బిక్కమొహం వేస్తాడు. పదాలన్నీ వాడికి తెలిసినవే, కానీ వాటి రూపం కంటికి తెలుసు, చప్పుడు చెవికి తెలియదు. ఈ తేడా పట్టుకోకుండా 'ఇంకా ఎక్కువ పదాలు నేర్చుకో' అని చెప్పినంత కాలం వాడి వినికిడి బాగుపడదు.

దీన్ని రేపే మీ క్లాసులో పరీక్షించి చూడొచ్చు. అరనిమిషం ఆడియో ఒకటి వినిపించండి. విన్నది రాయమనండి. తర్వాత దాని పాఠం, అంటే ట్రాన్స్‌క్రిప్ట్, చేతికివ్వండి. తాము రాయలేకపోయిన ప్రతి పదం మీద పెన్సిల్‌తో మూడు గుర్తుల్లో ఒకటి పెట్టమనండి. అసలు తెలియని పదమైతే 'కొ', అంటే కొత్తది. తెలిసిన పదమే అయినా వినపడకపోతే 'క', అంటే పక్క పదంలో కలిసిపోయింది. పదాలు వినపడినా వెనకటి వాక్యం గురించి ఆలోచిస్తుండగా ఇది చేజారిపోతే 'జా'. పిల్లలు అన్నీ 'కొ'లే ఉంటాయనుకుంటారు. చాలామంది కాగితాల్లో ఎక్కువగా కనిపించేది 'క'. ఆ కాగితం చూసుకున్నప్పుడే పిల్లాడికి తన జబ్బు ఏమిటో మొదటిసారి తెలుస్తుంది. ఈ మూడు గుర్తులు గుర్తుంచుకోండి, చివరిదాకా వీటితోనే పని.

ఈ కలిసిపోవడం ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. 'వాట్ ఆర్ యూ గోయింగ్ టు డూ అబౌట్ ఇట్' అనే వాక్యంలో ఎనిమిది పదాలున్నాయి. బోర్డు మీద రాస్తే ఆరో తరగతి పిల్లకూ తెలుస్తుంది. మామూలు మాటల్లో ఇది వచ్చేటప్పుడు 'వాటయ గనడూ అబౌటిట్' లాగా మూడు ముద్దలుగా వస్తుంది. 'ఆర్' దాదాపు మాయం. 'టు'లో అచ్చు నలిగిపోయింది. 'ఇట్' ముందున్న పదానికి అతుక్కుంది. పిల్ల ఎనిమిది పదాల కోసం ఎదురుచూస్తోంది, చెవికి వచ్చినవి మూడే.

ఇది మనకు కొత్త విషయమేమీ కాదు. 'వాడు ఎక్కడ ఉన్నాడు' అని మనం ఎప్పుడైనా విడివిడిగా అంటామా? 'వాడెక్కడున్నాడు' అంటాం. ఉత్వసంధి, అత్వసంధి అని పేర్లు పెట్టి బడిలో నేర్పుతాం కానీ, బడికెళ్లని అవ్వ కూడా ఆ సంధులను చెవితో విడదీస్తుంది. ఇంగ్లీషు మాటలోనూ అలాంటి కలయికలున్నాయని, వాటికి కొన్ని పద్ధతులున్నాయని పిల్లలకు చెప్పండి. తెలుగు సంధులు తెలిసిన పిల్లలకు ఇది తొందరగా ఎక్కుతుంది.

పద్ధతులు నాలుగైదు చాలు. హల్లుతో ముగిసే పదం పక్కన అచ్చుతో మొదలయ్యే పదం వస్తే రెండూ అతుక్కుంటాయి: 'పిక్ ఇట్ అప్' కాస్తా 'పికిటప్'. పదం చివర 'ట్', 'డ్' ఉండి తర్వాత హల్లు వస్తే అవి తరచుగా రాలిపోతాయి: 'నెక్స్ట్ డే' అన్నది 'నెక్స్ డే', 'లాస్ట్ నైట్' అన్నది 'లాస్ నైట్'. 'డిడ్ యూ' అన్నది 'డిజూ' అవుతుంది. 'హిమ్', 'హర్', 'హిజ్' వాక్యం మధ్యలో హకారాన్ని వదిలేస్తాయి: 'టెల్ హిమ్' అంటే వినపడేది 'టెల్లిమ్'. ఇక 'ఆఫ్', 'టు', 'అండ్', 'ఫర్', 'కెన్' లాంటి చిన్న పదాలు వాక్యం మధ్యలో మామూలుగా బలంగా రావు, చిన్న మూలుగులా వచ్చి పోతాయి.

ఈ 'కెన్' దగ్గర మన పిల్లలు ఉద్యోగాల ఇంటర్వ్యూల్లో కూడా దెబ్బతింటున్నారు, అందుకని కాసేపు ఆగుతాను. 'ఐ కెన్ కమ్' అన్నప్పుడు 'కెన్' నలిగిపోయి 'ఐ కన్ కమ్' లా వినపడుతుంది, బలమంతా 'కమ్' మీద పడుతుంది. 'ఐ కాంట్ కమ్' అన్నప్పుడు 'కాంట్'లోని అచ్చు నిండుగా, బలంగా వస్తుంది. చివరి 'ట్' మాత్రం చాలాసార్లు వినపడదు. మన పిల్లలు ఆ 'ట్' కోసమే చెవి రిక్కిస్తారు. అది వినపడలేదు కాబట్టి 'రాగలను' అన్నారనుకుంటారు. వినాల్సింది 'ట్'ని కాదు, అచ్చుని. అచ్చు నిండుగా ఉంటే చాలావరకు కాదన్నట్టు, నలిగి ఉంటే అవునన్నట్టు. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' కూడా ఇంతే. చివరి నకారం కోసం కాదు, ఊనిక ఎక్కడ పడిందో వినాలి. ఫిఫ్టీలో మొదటి భాగం మీద పడుతుంది. ఫిఫ్టీన్ విడిగా అన్నప్పుడు రెండో భాగం మీద పడి, దాన్ని సాగదీస్తుంది.

తెలుగువాళ్లకే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. తెలుగు అజంత భాష. మన పదాలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్న మాటకైనా అచ్చు తగిలించి బస్సు, బుక్కు, పెన్ను అంటాం. అందువల్ల పదం చివర అచ్చు కోసం కాచుకుని ఉండటం మన చెవికి అలవాటు. ఇంగ్లీషులో పదం చివర రెండు మూడు హల్లులు వరసగా వస్తే వాటిని మన చెవి లెక్కలోకి తీసుకోదు. 'ఆస్క్‌డ్ హిమ్' అన్నది 'ఆస్టిమ్' లా వస్తే, అందులో భూతకాలం ఉందని మన పిల్లకు తెలియదు. పరీక్షలో భూతకాల రూపాలు తప్పు లేకుండా రాసే పిల్ల, వినేటప్పుడు నిన్న జరిగిందో రోజూ జరుగుతుందో తేల్చుకోలేకపోవడానికి ఒక కారణం ఇది. వ్యాకరణం మళ్లీ చెప్పి లాభం లేదు. పదాల చివర్లు వినే పని ఇవ్వాలి: ఒక నిమిషం ఆడియోలో భూతకాలం క్రియలు ఎన్ని వచ్చాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. అర్థం అడగొద్దు, లెక్క మాత్రమే అడగండి.

సరే, ఇప్పుడు రోజువారీ సాధన. పదిహేను నిమిషాలు చాలు. రోజూ జరగాలి. ఆదివారం రెండు గంటలు కూర్చునే పిల్లకంటే రోజూ పావుగంట కూర్చునే పిల్ల ముందుకెళుతుంది. ఒకసారి విన్న కలయిక మరుసటి రోజు మళ్లీ చెవిన పడితేనే నిలుస్తుంది.

ఆడియో రెండు నిమిషాలకు మించకూడదు. పొడవైన దాంట్లోంచి రెండు నిమిషాలు తీసుకున్నా సరే. మొదటిసారి ఆపకుండా వినాలి, రెండు నిమిషాలు. తర్వాత ఒక నిమిషంలో, దేని గురించి మాట్లాడారో రెండు వాక్యాలు రాయాలి. తెలుగులో రాసినా పర్వాలేదు. ఇక్కడ మనం పరీక్షిస్తున్నది వినడాన్ని, రాయడాన్ని కాదు. రెండోసారి మళ్లీ ఆపకుండా, రెండు నిమిషాలు. మూడోసారి ఆపుకుంటూ, వెనక్కి వెళుతూ, వినపడనిచోట గీతలు వదులుతూ విన్నది రాసుకోవాలి. దీనికి నాలుగు నిమిషాలు. మొత్తం రాయాల్సిన పనిలేదు, కష్టమైన నాలుగైదు వాక్యాలు చాలు. అప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ తెరిచి మూడు నిమిషాలు సరిచూసుకుని, 'కొ', 'క', 'జా' గుర్తులు పెట్టుకోవాలి. 'క' పడిన వాక్యం ఒకదాన్ని ఆడియోలో ఉన్నట్టే నలిపి, కలిపి, పైకి అనాలి. ఒక నిమిషం. నోటికి వచ్చిన కలయికను చెవి తొందరగా గుర్తుపడుతుంది. చివరగా ట్రాన్స్‌క్రిప్ట్ మూసేసి ఇంకోసారి, రెండు నిమిషాలు. మొత్తం పదిహేను.

చివరి వినికిడిని పిల్లలు ఎగ్గొడతారు. సరిచూసుకోగానే పని అయిపోయిందనుకుంటారు. అసలు లాభం అక్కడే ఉంది. పది నిమిషాల ముందు చప్పుడుగా ఉన్నది ఇప్పుడు మాటలుగా విడిపోవడం పిల్ల స్వయంగా అనుభవించాలి. రేపు మళ్లీ కూర్చోవాలనిపించేది ఆ అనుభవం వల్లే, మన మార్కుల వల్ల కాదు.

ట్రాన్స్‌క్రిప్ట్ ముందే ఇస్తే ఏమవుతుందని అడుగుతారు. కన్ను ముందుగా పని కానిచ్చేస్తుంది, చెవి ఊరికే కూర్చుంటుంది. చదువుతూ వింటే ప్రతి పదం వినపడినట్టే ఉంటుంది. కాగితం తీసేయగానే మళ్లీ మొదటికొస్తుంది. సినిమాల కింద వచ్చే సబ్‌టైటిళ్లతోనూ ఇదే ఇబ్బంది. తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టుకుంటే అది తెలుగు చదవడం. ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు పదాలు నేర్చుకోవడానికి బాగా ఉపయోగపడతాయి కానీ, వినడం కోసమైతే వరస మారాలి: ముందు లేకుండా, తర్వాత వాటితో, మళ్లీ లేకుండా. యూట్యూబ్‌లో యంత్రం తయారుచేసే క్యాప్షన్లు పేర్ల దగ్గర, మన దేశపు ఉచ్చారణ దగ్గర, నలిగిన చిన్న పదాల దగ్గర తప్పులు రాస్తాయి. పిల్లలు సరిగ్గా విన్నదాన్ని కొట్టేసి ఆ తప్పునే ఒప్పుగా రాసుకుంటారు. అందుకని మనుషులు రాసిన ట్రాన్స్‌క్రిప్ట్ ఉన్న ఆడియోనే సాధనకు తీసుకోవాలి.

వేగం తగ్గించి వినడం గురించి కూడా ఒక మాట. ఫోన్లో 0.75 పెడితే మాట సాగుతుంది. నలిగిపోయిన 'టు' మాత్రం బలపడదు, నలిగిన 'టు' కాస్త పొడుగవుతుంది, అంతే. రాలిపోయిన 'ట్' తిరిగి రాదు. 0.5 పెడితే గొంతే వికారంగా మారుతుంది. చిక్కుపడిన ఒక్క వాక్యానికి 0.75 వాడి, వెంటనే మామూలు వేగంలో మళ్లీ వినాలి. మొత్తం ఆడియో 0.75లో వినే అలవాటు పడిన పిల్లలు తర్వాత దాన్ని వదలలేరు. మనిషే నిదానంగా చదివిన ఆడియో వేరు, అది మంచిదే. వాయిస్ ఆఫ్ అమెరికా 1959లో స్పెషల్ ఇంగ్లిష్ పేరుతో మొదలుపెట్టింది అలాంటిదే: సుమారు 1500 పదాల పరిధి, చిన్న వాక్యాలు, మామూలు కంటే దాదాపు మూడోవంతు తక్కువ వేగం. మొదటి మెట్టు మీదున్నవాళ్లకు ఆ తరహా ఆడియో సరిపోతుంది.

ఏది వినాలి? బ్రిటిష్ కౌన్సిల్ లెర్న్‌ఇంగ్లిష్ సైట్లో వినికిడి పాఠాలు ఏ1 నుంచి సీ1 దాకా మెట్లుగా, ట్రాన్స్‌క్రిప్టులతో ఉన్నాయి. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లిష్‌లో ఆరు నిమిషాల కార్యక్రమం ఉంది, దానికీ ట్రాన్స్‌క్రిప్ట్ ఉంటుంది. మూడు రోజులకు రెండేసి నిమిషాలుగా విడగొట్టుకుంటే సరిపోతుంది. స్థాయి సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ట్రాన్స్‌క్రిప్టులో వంద పదాలు లెక్కపెట్టి చూడాలి. తెలియనివి ఐదుకు మించితే అది పావుగంట సాధనకు బరువు. నడుస్తూ, పని చేసుకుంటూ వినడానికైతే రెండుకు మించకూడదు. మామూలు వేగంలో నిమిషానికి సుమారు 150 పదాలు వస్తాయి. వందకు పది కొత్తవంటే నాలుగు సెకన్లకొక కొత్త పదం అన్నమాట. ఒకదాని గురించి ఆలోచించేలోగా ఇంకొకటి వచ్చి పడుతుంది. 'జా' గుర్తులు పెరిగేది అక్కడే.

రోజుకొక గొంతు, రోజుకొక విషయం వద్దు. కనీసం రెండు వారాలు ఒకే గొంతు, వీలైతే ఒకే విషయం. ఒకే విషయం మీద ఆడియోలు తిరిగి తిరిగి వినడాన్ని భాషా పరిశోధకుడు స్టీఫెన్ క్రాషెన్ 1996లో 'ఇరుకు వినికిడి' అనే అర్థమొచ్చే పేరుతో ప్రతిపాదించారు. క్రికెట్ అంటే ఇష్టమున్న పిల్లను రెండు వారాలు క్రికెట్టే విననీయండి. అవే పదాలు, అవే కలయికలు తిరిగి తిరిగి వస్తాయి. రెండో వారానికి ఆ గొంతులోని విరుపులు ఆ పిల్లకు పరిచయమవుతాయి, మిగిలిన శక్తంతా అర్థం మీద పెట్టొచ్చు.

ఆకాశవాణిని మరిచిపోవద్దు. రాత్రి 9 గంటల ఇంగ్లీషు వార్తలు పదిహేను నిమిషాలు. మన ఉచ్చారణకు దగ్గరగా, స్పష్టంగా ఉంటాయి. ఆ రోజు తెలుగు వార్తలు ముందే విని ఉంటే విషయం సగం తెలిసే ఉంటుంది. శ్రీహరికోటలో ప్రయోగం జరిగిన రోజు, తుపాను హెచ్చరిక వచ్చిన రోజు ఇలా చేయించండి. సంగతి తెలుసు కాబట్టి చెవి మాటల మీదే నిలుస్తుంది. వినబోయే ముందు 'ఏ మాటలు రావచ్చు' అని ఐదు పదాలు ఊహించి రాసుకుని, వచ్చినవాటికి టిక్కు పెట్టుకోవడం 'జా' గుర్తులు ఎక్కువున్న పిల్లలకు మంచి మందు.

ఇక అలవాటు. పిల్లలు మానేసేది బద్ధకం వల్ల అనుకుంటాం. ఎక్కువసార్లు కారణం అది కాదు. పావుగంట సాధనకు కూర్చుని, ఏది వినాలా అని పది నిమిషాలు వెతుకుతారు. వెతుకుతుంటే ఇంకో వీడియో తగులుతుంది. అక్కడితో ఆ రోజు సరి. అందుకని వెతకడం, వినడం వేర్వేరు రోజుల్లో జరగాలి. ఆదివారం కూర్చుని వారానికి సరిపడా ఆడియోలు దించుకుని, వాటికి సోమ, మంగళ అని పేర్లు పెట్టుకోవాలి. ఆరు నిమిషాల ఆడియో తక్కువ నాణ్యతలో సుమారు 3 ఎంబీ ఉంటుంది. ఏడు ఫైళ్లు దించుకున్నా 20 ఎంబీ చుట్టుపక్కలే. వీడియో అయితే దీనికి ఎన్నో రెట్లు. సాధన వేళకు డేటా ఆపేయాలి.

రెండోది, గడియారం టైమ్ కాకుండా రోజూ ఎలాగూ జరిగే పనికి దీన్ని ముడిపెట్టాలి. 'సాయంత్రం ఆరున్నరకు' అని పెట్టుకుంటే ట్యూషన్ ఉన్న రోజు పోతుంది. 'కాఫీ గ్లాసు కడిగిపెట్టగానే', 'యూనిఫాం మార్చుకోగానే' అంటే నిలుస్తుంది. ఒక రోజు తప్పితే మరుసటి రోజు అరగంట చేయించొద్దు. అప్పు పేరుకుపోయిందనిపిస్తే పిల్లలు మొత్తానికే వదిలేస్తారు. తప్పిన రోజును వదిలేసి, మామూలు పావుగంటే చేయాలి. జ్వరం, పరీక్ష, పెళ్లి ఉన్న రోజుకు ఒక కనీసం ఉండాలి: పాత ఆడియో రెండు నిమిషాలు ఒక్కసారి వినడం. అది చేసినా నోటుబుక్కులో తేదీ పడుతుంది.

పాత ఆడియోలకు విడిగా చోటు పెట్టండి. కూర్చుని సాధన చేసినదాన్ని మరుసటి రోజు, మూడో రోజు, వారం తర్వాత దారిలో వినాలి. చిత్తూరు నుంచి తిరుపతికి రోజూ వచ్చే కాలేజీ పిల్లలకు బస్సు ప్రయాణం దీనికి సరిపోతుంది. అయితే బస్సులో కొత్త ఆడియో వద్దు. ఆ రొదలో నలిగిన పదాలు ఎలాగూ వినపడవు, వాల్యూమ్ పెంచుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు పెట్టిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు త్వరగా తగ్గిపోతాయి. ఫోన్ వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. స్కూటరు మీద, రోడ్డు దాటేటప్పుడు ఇయర్‌ఫోన్లు అసలే వద్దు.

రోజంతా వెనక ఇంగ్లీషు చానల్ మోగుతుంటే చెవికి అదే అలవాటవుతుందని కొందరు తల్లిదండ్రులు నమ్ముతారు. దృష్టి పెట్టని వినికిడి వల్ల కలయికలు విడిపోవు. అలాగే 'ఇంగ్లీషు సినిమాలు చూడమ్మా' అనే సలహా మనం ఆపేయాలి. సినిమాలో ఒకరి మీద ఒకరు మాట్లాడతారు, సంగీతం ఉంటుంది, రెండు గంటలు ఉంటుంది. బొమ్మ చూసి కథ ఊహించేయొచ్చు. మొదటి మెట్టు మీదున్న పిల్ల అందులో వినడం నేర్చుకోలేదు, తనకు రాదని మాత్రం తీర్మానించుకుంటుంది.

ఇప్పుడు మన పని. క్లాసులో ఆడియో వినిపించేటప్పుడు ఎక్కడ ఆపాలో, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లాలో మనమే నిర్ణయిస్తాం. నలభై మందికి ఒకే పాజ్ బటన్, అది మన చేతిలో. పిల్ల ఇంట్లో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఎక్కడ ఆపాలో తెలియకపోవడానికి కారణం ఇదే. ఆ నిర్ణయం తానెప్పుడూ తీసుకోలేదు. కాబట్టి రెండు నెలల్లో మెల్లగా అప్పగించాలి. మొదటి రెండు వారాలు ఆడియో మీరే తెచ్చి, పావుగంట పద్ధతి మొత్తం క్లాసులో చేయించండి. ఆపమని చెయ్యెత్తే పని మాత్రం వాళ్లది. వాళ్లు చెయ్యెత్తినచోటే ఆపండి. తర్వాత రెండు వారాలు మూడు ఆడియోలిచ్చి ఒకటి ఎంచుకోమనండి, ఎందుకు ఎంచుకున్నారో ఒక వాక్యం రాయమనండి. ఐదు, ఆరు వారాల్లో ఆడియో వాళ్లే తేవాలి. వంద పదాల లెక్క వేసి స్థాయి చూసుకుని తేవాలి. కొందరు మరీ కష్టమైనవి తెస్తారు. తేనివ్వండి. 'కొ' గుర్తులు కాగితం నిండా పడ్డాక వాళ్లంతట వాళ్లే కిందికి దిగుతారు. ఏడో వారం నుంచి క్లాసులో వినిపించడం ఆపేసి, నోటుబుక్కు మాత్రం వారానికొకసారి చూడండి.

నోటుబుక్కులో రోజుకు ఒక్క వరస: తేదీ, ఆడియో పేరు, 'కొ', 'క', 'జా' ఎన్నెన్ని, నిన్న వినపడక ఇవాళ వినపడిన ఒక ముక్క. ఎన్ని నిమిషాలు విన్నారన్న గడి పెట్టకండి. పెడితే అందరూ పదిహేను అని రాస్తారు. మార్కులు వేయకండి, వేస్తే గుర్తులు తగ్గించి రాస్తారు. మీరు చూడాల్సింది గుర్తుల పొందిక. 'కొ' ఎక్కువైతే ఆడియో మార్చమనండి. 'క' ఎక్కువైతే ఆ వాక్యాలు పైకి అనిపించండి. 'జా' ఎక్కువైతే ఆడియోను ఒక నిమిషానికి తగ్గించి, ముందు ఊహించి రాసే పని ఇవ్వండి. పిల్లకో పది సెకన్లు చాలు.

మూడో వారం చుట్టుపక్కల చాలామంది నిరుత్సాహపడతారు. కారణం ఉంది. మొదట్లో తెలియనిది కూడా ఇప్పుడు తెలుస్తుంది, తాము ఎన్ని పదాలు పోగొట్టుకుంటున్నారో కనిపిస్తుంది. అప్పుడు మొదటి వారంలో కష్టమనిపించిన ఆడియోను మళ్లీ వినిపించండి. నెలకొకసారి అదే స్థాయి కొత్త ఆడియో ఒక నిమిషం తీసుకుని, 'క' గుర్తులు పాత నెలతో పోల్చుకోమనండి. పోలిక పక్కవాళ్లతో కాదు, తన పాత కాగితంతో.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ఒక ఉపాధ్యాయుడు: సార్, విదేశీ చదువులకు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కసారే వినిపిస్తారు. మనం నాలుగుసార్లు అలవాటు చేస్తే పిల్లలు అక్కడ దెబ్బతినరా?)

దెబ్బతినరు సార్. ఆ పరీక్షలో నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు, సుమారు అరగంట, ఒక్కసారే వినిపిస్తారు. నిజమే. అది కొలిచే చోటు. కొలిచే పద్ధతిలోనే నేర్పితే పిల్లాడికి తాను ఏది పోగొట్టుకున్నాడో ఎప్పటికీ తెలియదు. మా పద్ధతిలో కూడా మొదటి వినికిడి ఆపకుండానే ఉందని గమనించండి. పరీక్ష రాయబోయేవాళ్లకు చివరి నెలలో వారానికి రెండుసార్లు మాత్రం ఒక్కసారి వినిపించే నమూనా పెట్టండి. అయ్యాక తప్పులను మళ్లీ ఈ పద్ధతిలోనే విప్పి చూడాలి.

(ఒక ఉపాధ్యాయురాలు: బ్రిటిష్ ఉచ్చారణ వినిపించాలా, మనవాళ్లదా?)

మొదట మనవాళ్లదే మేడమ్. శ్రీసిటీలో ఉద్యోగానికి వెళ్లే పిల్లకు చెన్నై ఇంగ్లీషు, పుణే ఇంగ్లీషు వినపడాలి. కొండకు వచ్చే యాత్రికులకు దారి చెప్పే పిల్లాడికి మరాఠీ యాసలో వచ్చే ఇంగ్లీషు వినపడాలి. మనవాళ్లు చిన్న పదాలను అంతగా నలపరు కాబట్టి అక్కడ మొదలుపెట్టడం సులువు కూడా. రెండు నెలల తర్వాత ఇంకో గొంతు, ఇంకో దేశం కలపండి. రెండు వారాలకు ఒక గొంతు అన్న నియమం మాత్రం అప్పుడూ ఉండాలి.

(మరొకరు: మా గురుకులంలో ఫోన్లు అనుమతించరు. ఏం చేయాలి?)

మెమరీ కార్డు పడే చిన్న బ్లూటూత్ స్పీకర్ ఒకటి చాలమ్మా. స్టడీ అవర్‌లో నలుగురైదుగురు చుట్టూ కూర్చోవాలి. ఒక్కొక్క రోజు ఒక్కొక్కరి చేతిలో బటన్ ఉండాలి, ఆ రోజు ఎక్కడ ఆపాలో ఆ పిల్లదే నిర్ణయం. మిగతావాళ్లు ఆపమని అడగొచ్చు కానీ లాక్కోకూడదు. అలాంటి స్పీకర్లలో చాలావాటికి పాట ముందుకు, వెనక్కి మార్చే బటన్లే ఉంటాయి, పది సెకన్లు వెనక్కి వెళ్లే వీలుండదు. అందుకని కార్డులో వేసేముందే రెండు నిమిషాల ఆడియోను కంప్యూటర్లో ఇరవై సెకన్ల ముక్కలుగా కోసి, 01, 02 అని పేర్లు పెట్టండి. వెనక్కి నొక్కితే అదే ముక్క మళ్లీ వస్తుంది. మొత్తం ఆడియో కూడా 00 అని ఒకటి ఉంచండి, మొదటిసారి, చివరిసారి వినడానికి. ట్రాన్స్‌క్రిప్టులు ప్రింటు తీసి కవరులో పెట్టి వార్డెన్ మేడమ్ దగ్గర ఉంచండి. మూడోసారి విన్నాకే కవరు తెరవాలి.